తమ్ముడు జైల్లో ఉన్నాడు... షుగర్ ఉంది, కల్లు అలవాటు ఉంది. ఏం జాగ్రత్త పడాలి?

ప్రశ్న: మా తమ్ముడికి 38 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్. రోజూ రాత్రి ఇన్సులిన్ వేసుకుంటాడు. సాయంత్రమైతే కల్లు తాగందే ఉండలేడు. ఒక గొడవ కేసులో నిన్న రిమాండ్‌కు పంపారు. జైల్లో ఎవరో ఖైదీ చనిపోయాడని వార్త చూసినప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. కొడతారేమోనని ఒకటే టెన్షన్. బయట ఉన్న మేం ఏం చేయగలం?
– ఓ అక్క, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఆలస్యం చేయకూడని విషయం కాబట్టి మీ ప్రశ్న అందిన రోజే మీకు విడిగా మెయిల్ పెట్టాను. ఇదే బాధలో ఉన్న మిగతా కుటుంబాల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కొడతారేమోనన్న మీ అమ్మగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ జైలు మరణాల్లో ఎక్కువ భాగం జబ్బుల వల్లే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలోని జైళ్లలో 1,995 మంది చనిపోతే, 1,773 మందిని ‘సహజ మరణం’ కింద చూపారు. 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఈ ‘సహజ’ అన్న మాట డాక్టర్‌గా నాకు మింగుడుపడదు. ఇన్సులిన్ అందక 38 ఏళ్ల మనిషి పోతే అందులో సహజమేముంది?

మీ తమ్ముడి విషయంలో నాకు షుగర్ కంటే ముందు కల్లు గురించే భయం. మన దగ్గర చాలాచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, పిచ్చిగా మాట్లాడటం మొదలవుతాయి. 2015లో కల్తీ కల్లు దొరకక మీ జిల్లాలో, మహబూబ్‌నగర్‌లో ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారో మీకు గుర్తుండే ఉంటుంది. సారా, బ్రాందీ తాగేవాళ్లకైనా మానేసిన రెండు మూడు రోజులే గండం.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రిమాండ్ ఖైదీని అర్ధరాత్రి క్యాజువాల్టీకి తెచ్చారు. ఒక చెయ్యి మంచానికి బేడీ వేసి ఉంది. రెండో చేత్తో దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతున్నాడు. ఒళ్లంతా చెమట. ‘యాక్టింగ్ సార్’ అన్నాడు ఎస్కార్ట్ కానిస్టేబుల్. జైలుకొచ్చి మూడో రాత్రి. థయమిన్ (బి1 విటమిన్), మత్తు ఇంజక్షన్లతో నాలుగు రోజులకు మనిషయ్యాడు. తాగుడు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని భార్యను అడిగితే, ‘చెప్తే కేసు ఇంకా గట్టిగా పెడతారనుకున్నా’ అంది. దయచేసి మీరు అలా దాచకండి. తాగుడు అలవాటు ఉందని జైలు డాక్టర్‌కు చెప్పడం నేరం ఒప్పుకోవడం కాదు. అది వైద్యం కోసం.

ఇప్పుడు ఏం చేయాలంటే, మందుల చీటీ, షుగర్ రిపోర్టులు జిరాక్స్ తీసి ఒక సెట్ జైలు సూపరింటెండెంట్‌కు ఇచ్చి, ఇంకో కాపీ మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు, కల్లు రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా... అన్నీ తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయండి. మందులు మీరే పట్టుకెళ్తే జైలు వైద్యాధికారి అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. లాయర్ ద్వారా మెజిస్ట్రేట్‌కు మెమో వేస్తే తగిన వైద్యం ఇవ్వాలని ఆదేశించవచ్చు. లాయర్‌కు డబ్బులు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జబ్బు మనిషి అన్న కారణంతోనూ బెయిల్ అడగొచ్చని లాయర్‌కు గుర్తు చేయండి.

ములాఖత్‌కు వెళ్లినప్పుడు కేసు గురించి తర్వాత మాట్లాడొచ్చు, ముందు మనిషిని చూడండి. చేతులు వణుకుతున్నాయా? మాట తడబడుతోందా? కాళ్ల మీద పుండ్లున్నాయా అని అడగండి. చెప్పుల్లేకుండా నడిచే షుగర్ మనిషికి చిన్న గీరుడే కాలు తీసేదాకా తెస్తుంది. వాంతులు, ఆయాసం, విపరీతమైన దాహం ఉంటే షుగర్ బాగా పెరిగిందని అనుమానించి, ఆ పూటే ఆస్పత్రికి పంపమని సూపరింటెండెంట్‌ను రాతపూర్వకంగా అడగండి. రెండు వారాలు దాటి దగ్గు, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయమనండి. కిక్కిరిసిన బ్యారక్‌లో టీబీ త్వరగా అంటుకుంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా.

ఇంకొక్క మాట. బెయిల్ కొట్టేసిన రోజు, ఇంటివాళ్లు రావడం మానేసిన వారం... ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చేది ఎక్కువగా అప్పుడే. ‘నీ వల్ల పరువు పోయింది’ అన్న మాట ములాఖత్ జాలీ దగ్గర అనకండి. ‘నాకోసం ఎవరూ తిరగొద్దు, పిల్లల్ని చూసుకోండి’ లాంటి మాట అతని నోట వస్తే అక్కడి నుంచి కదలకుండా జైలర్‌కు చెప్పండి, ఒంటరిగా ఉంచవద్దని అడగండి. మీ అమ్మగారికి నిద్ర లేకపోతే 14416కు ఫోన్ చేసి తెలుగులోనే కౌన్సెలర్‌తో మాట్లాడించండి. వచ్చే ములాఖత్‌కు ఆవిడను కూడా తీసుకెళ్లండి.