అమ్మ రెండో పెళ్లిలో ఏడేళ్ల పాపకు ఏ పని అప్పగించాలి?

బావగారు పోయి నాలుగేళ్లయింది, బరంపురంలో చెల్లికి మళ్లీ పెళ్లి చేస్తున్నాం, అబ్బాయివాళ్లు ఒడియావాళ్లు, ఏడేళ్ల మేనకోడల్ని మండపంలో ఎక్కడ కూర్చోబెట్టాలి అని అడిగారు. కూర్చోబెట్టకండి. చేతికి పని ఇవ్వండి, అదీ ఒక్కటే.

ముందు ముహూర్తం సంగతి. మనవాళ్లూ వాళ్లూ కూడా అర్ధరాత్రి లగ్నాలకు వెనకాడరు. ఒంటిగంటకు పిల్ల నిద్రపోతుంది, లేపితే ఏడుస్తుంది. పగటి లగ్నమే కావాలని ఇద్దరు పంతుళ్లకూ ముందే చెప్పండి.

జీలకర్ర బెల్లం పళ్లెం పాప చేతికి ఇవ్వాలని అందరికీ తోస్తుంది. వద్దు. ఆ నిమిషంలో కెమెరావాళ్లు, చుట్టాలు మీద పడతారు, పిల్ల నలిగిపోతుంది. అడ్డుతెర అంచు పట్టిస్తే పొట్టిపిల్ల కాబట్టి ఒక పక్క జారిపోతుంది. సరిగ్గా కుదిరేది పేలాల దగ్గర. పేలాలు అగ్నిలో వేసే మన లాజహోమమూ వాళ్ల ఖై పోడా ఒక్కలాంటివే, పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నదమ్ములే. అంటే మీరే. పాప మీ పక్కన చేట పట్టుకుని నిలబడుతుంది. పావుకిలో పేలాలు దండిగా సరిపోతాయి, చేట నిండా పోస్తే ఒలికిపోతాయి. పొగ ఎటు పోతోందో చూసి దానికి ఎదురు పక్క నిలబెట్టండి. నైలాన్ నెట్ గౌను వేసి హోమం దగ్గరికి పంపొద్దు. బరంపురం పట్టుతోనే లంగా కుట్టించండి, నడుము దగ్గర వదులుగా.

బిందెలో ఉంగరం తీసే ఆటలో పాపను కలపాలంటే బిందె పనికిరాదు, మూతి ఇరుకు, మూడు చేతులు దూరవు. వెడల్పాటి గంగాళం పెట్టి, ఉంగరంతో పాటు వెండి రూపాయి కూడా వేయండి. పిల్లకు ఏదో ఒకటి దొరికి తీరాలి.

మైకులో ‘నాన్నా అని పిలువమ్మా’ అనేవాడు ప్రతి పెళ్లిలోనూ ఒకడుంటాడు. వాణ్ని ముందే ఆపండి. పాప చేత వాళ్ల నాన్న ఫొటోకి పొద్దున ఇంట్లోనే దండం పెట్టించండి, మండపానికి తేవద్దు. తల్లి పెళ్లి బిడ్డ చూడకూడదనే పెద్దలు ఎటూ ఉంటారు. వాళ్లతో మీరు వాదించకండి, పంతులుగారి చేత వారం ముందే చెప్పించండి. సంకల్పంలో ‘సహకుటుంబానాం’ అన్నచోట పాప పేరు కూడా కలపమని ఆయన్నే అడగండి. గోత్రం మాత్రం పాపకు పుట్టుకతో వచ్చినదే చెప్పాలి.

అసలు చిక్కు అప్పగింతల దగ్గర. అమ్మ చేతిని వేరేవాళ్ల చేతిలో పెట్టి అందరూ ఏడుస్తుంటే, నన్ను వదిలేసి వెళ్లిపోతోందనే పిల్ల అనుకుంటుంది. వీలైతే ఆ తంతు మానేయండి. తప్పదంటే పాప చెయ్యి తల్లి చేతి కిందే ఉంచి ఇద్దర్నీ కలిపే అప్పగించండి. ‘మూడు రాత్రులు అమ్మమ్మ దగ్గరుంటుందిలే’ అన్న సర్దుబాటుకి ఒప్పుకోవద్దు.

ఒడియావాళ్ల పాత ఆచారంలో పెళ్లికొడుకు తల్లి మండపానికి రాదు, ఇంటి దగ్గరే ఎదురుచూస్తుంది. ఆ ఆచారం పాటించేవాళ్లయితే పెళ్లిరోజు పాప ఆమెను గుమ్మంలోనే చూస్తుంది. అందుకే పెళ్లికి రెండు వారాల ముందు ఒకసారి కలపండి. వధూవరులకు బందాపనా, అంటే గుమ్మంలో హారతి స్వాగతం, ఇచ్చేటప్పుడు పాపకూ బొట్టు పెట్టి హారతి తిప్పమని చెప్పండి. ముగ్గురూ ఒకేసారి గడప దాటాలి.

కాగితాల విషయం చూస్తే, పెళ్లి అయినంత మాత్రాన దత్తత అయిపోదు, దానికి విడిగా చట్టప్రకారం దత్తత జరగాలి. తండ్రి పోయాక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని 2022 జులైలో సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులోనే చెప్పింది. తొందరపడి స్కూల్లో పేరు మార్పించకండి.

ఇంకొకటి, పాప సంచి. పెళ్లి ముందురోజే అత్తవారింట్లో ఆమె పడుకునే చోట పెట్టించండి: రెండు జతలు, స్కూలు పుస్తకాలు, రోజూ కప్పుకునే పాత దుప్పటి. దుప్పటి ఉతకొద్దు.