14 ఏళ్లొచ్చినా మీసం రాలేదు, ఛాతీలో గడ్డలా తగులుతోంది, ఇది జబ్బేనా?

తమ్ముడూ, నువ్వు నాలుగు విషయాలు అడిగావు. 14 ఏళ్లొచ్చినా మీసం జాడ లేదని, చనుమొన కింద గడ్డ తగులుతోందని, ఒక వృషణం రెండోదానికంటే కిందికి ఉందని, నిద్రలో వీర్యం పోయి బట్టలు తడుస్తున్నాయని. ఇంట్లో చెప్పడానికి నోరు రావట్లేదనీ రాశావు. ఈ వయసులో ఈ నాలుగూ మామూలే. నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది, అన్నిటికంటే అది ముఖ్యం, కింద రాశాను, అక్కడిదాకా చదువు.

ముందు ఆ గడ్డ సంగతి, ఎందుకంటే అది నాకూ వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఎడమ చనుమొన వెనక చొక్కా గుండీ అంత గట్టిగా తగిలేది, పుస్తకాల సంచి పట్టీ రాసుకుంటే చాలు ప్రాణం విలవిల్లాడేది. ఆటల పీరియడ్ అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి అప్పుడు చొక్కా మార్చుకునేవాణ్ణి. ఒకసారి జ్వరం వచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన స్టెతస్కోప్ పెట్టగానే నేను వెనక్కి జరగడం చూసి, అమ్మని కాసేపు బయట కూర్చోమని, నెమ్మదిగా నొక్కి చూసి, ఇది ఈ వయసులో చాలామందికి వచ్చేదే అని చెప్పారు. మగపిల్లల ఒంట్లో కూడా కొంచెం ఈస్ట్రోజెన్, అంటే ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్ ఉంటుంది, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పూర్తిగా పుంజుకునే లోపల కొన్నాళ్లు ఆ రెండింటి లెక్క అటూ ఇటూ అవుతుంది, అందుకే అక్కడ వాపు. దాదాపు సగం మంది అబ్బాయిలకి ఎంతో కొంత వస్తుంది, ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో అదే పోతుంది. నాకూ పోయింది. మాటిమాటికీ నొక్కి చూడకు, నొప్పి పెరుగుతుందే తప్ప లాభం లేదు. రెండేళ్లు దాటినా తగ్గకపోయినా, బాగా పెద్దదవుతున్నా, చనుమొన నుంచి ద్రవం కారినా మాత్రం చూపించుకో.

ఇక మీసం. యుక్తవయసు మార్పులు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవ్వొచ్చు, అంటే ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరి మధ్య నాలుగేళ్ల తేడా ఉన్నా అది ఆరోగ్యమే. అన్నిటికంటే ముందు పెరిగేవి వృషణాలు, అది ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత కింద వెంట్రుకలు, అంగం పెరగడం, ఒక్కసారిగా పొడవవడం, గొంతు మారడం. మీసం దాదాపు ఆఖర్న వస్తుంది, గడ్డం నిండడానికి 20 దాటినా పట్టొచ్చు. మరి ఆఖర్న వచ్చేదాన్ని చూసి నువ్వు వెనకబడ్డావని ఎలా తేలుస్తారు? డాక్టర్లు మీసం చూడరు. వాళ్ల దగ్గర ఆర్కిడోమీటర్ అని, చిన్నదాని నుంచి పెద్దదాకా కోలగా ఉండే పూసలు వరుసగా గుచ్చిన దండ ఒకటి ఉంటుంది, దాంతో వృషణాన్ని పోల్చి చూస్తారు. నాలుగు మిల్లీలీటర్ల పూసంత అయ్యిందంటే మార్పులు మొదలైనట్టే. 14 నిండినా వృషణాలు అసలు పెరగడం మొదలవకపోతే అప్పుడు తప్పకుండా వెళ్లాలి. అక్కడ కూడా ఎక్కువసార్లు తేలేది ఇంట్లో నాన్నో మామయ్యో ఇలాగే ఆలస్యంగా ఎదిగారని.

వృషణాలు రెండూ సమానంగా ఉండవు, చాలామందికి ఎడమది కాస్త కిందికి ఉంటుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే ఒంటి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి బయట ఉన్నాయి, చలికి పైకి ముడుచుకుని వేడికి కిందికి జారడం కూడా అందుకే. నిలబడ్డప్పుడు ఎడమవైపు రక్తనాళాలు ఉబ్బి మెలికలుగా తగిలి, పడుకుంటే తగ్గిపోతుంటే దాన్ని వేరికోసీల్ అంటారు, కంగారు అక్కర్లేదు కానీ ఒకసారి చూపించు, కొందరిలో అది వృషణం ఎదుగుదలకి అడ్డొస్తుంది. వృషణాల సంచిలో ఒక్కటే తగులుతుంటే మాత్రం వాయిదా వేయకు.

రాత్రి బట్టలు తడవడం బలహీనత కాదు. వీర్యం ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటుంది, అది పోతే బలం పోతుందన్నది అబద్ధం, ఆ భయం మీద బతికే మందులూ పొడులూ దయచేసి ముట్టుకోకు. జిమ్‌లో ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తానంటే అసలు వద్దు, అవి వృషణాల పనినే ఆపేస్తాయి. అంగం ముందున్న చర్మం పూర్తిగా వెనక్కి రాకపోతే బలవంతం చెయ్యకు, కొందరికి ఈ వయసులో ఇంకా వదులవుతూనే ఉంటుంది. వెనక్కి వెళ్లి అక్కడే బిగుసుకుని వాచిపోతే మాత్రం అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు నువ్వు అడగనిది. మా పిన్ని కొడుకు, అప్పుడు వాడికి 15, ఒక తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచి వాంతి చేసుకున్నాడు. పిన్ని గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చింది. వాడు మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్న తీరు చూసి నాకు అనుమానమొచ్చి, పక్కన కూర్చుని చెవిలో "కిందేమైనా నొప్పిగా ఉందా" అంటే తల ఊపి ఏడ్చేశాడు. వృషణం మెలిక పడింది, టార్షన్ అంటారు. రక్తం అందకపోతే అది చచ్చుబడిపోతుంది, ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దక్కే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమైన కొద్దీ తగ్గిపోతుంది. వాడిది దక్కింది, మళ్లీ మెలిక పడకుండా రెండువైపులా కుట్లు వేశారు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్యే వస్తుంది, నిద్రలో కూడా వస్తుంది, కొన్నిసార్లు నొప్పి పొత్తికడుపులోనే తెలుస్తుంది. కాబట్టి అక్కడ ఉన్నట్టుండి గట్టిగా నొప్పి వస్తే తెల్లారనిద్దాం అనుకోకు, ఎవరినైనా లేపు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లమను. నొప్పి దానంతట అదే తగ్గినా సరే వెళ్లి చూపించుకో, ఎందుకంటే ఆ మెలిక విడిపోయి మళ్లీ పడొచ్చు.

నొప్పి లేని గట్టి గడ్డ వృషణంలో తగిలినా చూపించుకోవాలి. నెలకోసారి వేడినీళ్ల స్నానం అయ్యాక వేళ్లతో చూసుకుంటే నీకు ఎలా ఉంటే మామూలో తెలుస్తుంది, తేడా వస్తే పట్టుకోగలవు.

ఇంట్లో నోరు రాకపోతే ఈ జవాబు ఫోన్‌లో తెరిచి నాన్న చేతికో, నమ్మకమున్న పెద్దవాళ్ల చేతికో ఇవ్వు. డాక్టర్ దగ్గర "నేనొక్కణ్ణే మాట్లాడాలి" అని అడగొచ్చు. ఇంకేమైనా ఉంటే ఇక్కడే రాయి, నాకు తెలిసింది చెప్తాను.