చెప్పిన కబురు ఏమైంది?

ప్రశ్న: మాది విజయవాడలోని సత్యనారాయణపురం. మా వీధి చివర మూతబడిన దుకాణం దగ్గరకు రాత్రి తొమ్మిది దాటాక కొందరు కుర్రాళ్లు బండ్ల మీద వచ్చి చిన్న పొట్లాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. గంజాయేమోనన్న అనుమానంతో నెలన్నర క్రితం పోలీసులకు చెప్పాను. రాసుకున్నారు గానీ ఇంతవరకు ఎవరినీ పట్టుకోలేదు. చెప్పింది నేనేనని బయటపడుతుందేమోనని భయంగా ఉంది. అసలు మేమిచ్చే సమాచారాన్ని పోలీసులు ఏం చేస్తారు?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నెలన్నరగా అదే దృశ్యం కళ్లబడుతుంటే, చెప్పి ఏం లాభమని మీకు అనిపించడంలో తప్పు లేదు. అయితే మీరు చెప్పినది సమాచారం మాత్రమే. దాన్ని సరిచూసి, ఇతర వివరాలతో జోడించి, తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి పనికొచ్చేలా మలిచినప్పుడు అది ఇంటెలిజెన్స్ అవుతుంది. న్యాయస్థానంలో నిలవడానికి అదీ చాలదు, సాక్ష్యం కావాలి.

పొట్లాలు చేతులు మారడం మీరు కళ్లారా చూశారు. వాటిలో గంజాయి ఉందన్నది మీ అనుమానం. మంచి అధికారి ఈ రెండింటినీ కలిపి రాసుకోడు. చెప్పిన మనిషి ఎంత నమ్మదగినవారన్నది ఒక ప్రశ్న, చెప్పిన విషయం ఎంత నమ్మదగినదన్నది వేరే ప్రశ్న. బ్రిటన్ పోలీసులు ఈ రెండింటినీ విడివిడిగా అంచనా కట్టి నమోదు చేస్తారు. ముగ్గురు గూఢచారుల మాట ఒక్కటైతేనే నమ్మాలని మన కౌటిల్యుడు ఏనాడో చెప్పాడు. అయితే ఆ ముగ్గురూ ఒకే టీకొట్టు దగ్గర విన్న మాటనే మోసుకొస్తే అది ముగ్గురి మాట కాదు, ఒక్కరి మాటే. పాత పగతో ఎదుటివారి పిల్లల పేర్లు చెప్పేవారు కూడా ఉంటారు కాబట్టి ఈ జాగ్రత్త ఎంతో అవసరం.

సరిచూడటానికి దారులు చాలానే ఉన్నాయి. మఫ్టీలో మనిషిని పెట్టి గమనిస్తారు, సీసీ కెమెరాల దృశ్యాలు చూస్తారు, బండి నంబరు పాత కేసుల్లో ఎక్కడైనా ఉందేమోనని పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ రికార్డుల్లో వెతుకుతారు. కాల్ రికార్డులు ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో చెబుతాయి గానీ ఏం మాట్లాడారో చెప్పవు. మాటలు వినాలంటే హోంశాఖ కార్యదర్శి స్థాయి అనుమతి ఉండాలి. ఇన్ని ఉన్నా, రోజూ ఆ వీధిలో తిరుగుతూ ఏ ఇంట్లో ఎవరుంటారో ఎరిగిన బీటు కానిస్టేబులుకు సాటి వచ్చేది లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆలస్యానికి చట్టం కూడా ఒక కారణం. మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, భవనంలోనో వాహనంలోనో సరుకు ఉందన్న సమాచారం అందితే అధికారి దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, 72 గంటల్లోగా పై అధికారికి ప్రతి పంపాలి. ఇలాంటి నియమాలు పాటించకుండా తొందరపడి దాడి చేస్తే, సరుకు దొరికినా కేసు కోర్టులో వీగిపోవచ్చు. దీనికితోడు శిక్ష తీవ్రత సరుకు పరిమాణాన్ని బట్టి ఉంటుంది: ఒక కిలో వరకు గంజాయిని చట్టం స్వల్ప పరిమాణంగానే లెక్కిస్తుంది, వాణిజ్య పరిమాణం 20 కిలోల దగ్గర మొదలవుతుంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకుకు జాతీయ రహదారులు, రైలు మార్గాలు కలిసే విజయవాడ సహజంగానే ఒక మజిలీ. పొట్లం అమ్మే కుర్రాణ్ని ఈ రాత్రే పట్టుకుంటే అతని చోట రేపు ఇంకొకడు నిలబడతాడు. అతనికి సరుకు ఇచ్చేదెవరో తేలేదాకా వేచిచూడటం చాలాసార్లు సరైన నిర్ణయమే. అన్ని ఆలస్యాలూ ఇలాంటివేనని మాత్రం అనను. రాసుకున్న కాగితం ఫైలులోనే ఉండిపోయే సందర్భాలూ ఉంటాయి.

ఇక మీ భయం సంగతి. నేర సమాచారం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలని పోలీసు అధికారిని బలవంతపెట్టకూడదని పాత సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 131వ సెక్షన్ అదే రక్షణను కొనసాగిస్తోంది. నిజానికి పేర్లు కోర్టులో కన్నా వీధిలోనే ఎక్కువగా బయటపడతాయి. యూనిఫాంలో మీ గుమ్మం ముందు నిలబడి ‘కంప్లయింట్ ఇచ్చింది మీరేనా?’ అని అడిగే కానిస్టేబుల్ ఆ రక్షణనంతా ఒక్క మాటతో పోగొడతాడు. ఇది పోలీసు శాఖ తప్పనిసరిగా సరిదిద్దుకోవలసిన అలవాటు.

మీరు మళ్లీ స్టేషన్‌కు వెళ్లనవసరం లేదు. మాదకద్రవ్యాలపై రాష్ట్రంలో ఏర్పాటైన ఈగల్ విభాగానికి 1972 నంబరులో చెప్పవచ్చు, అప్పటికప్పుడు ప్రమాదం కనిపిస్తే 112కు ఫోన్ చేయండి. ‘రోజూ వస్తున్నారు’ అనడం కన్నా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ రంగు బండి, నంబరులో చివరి అంకెలు ఏమిటి అన్నవి చెబితే ఎంతో మేలు. ఫొటోల కోసం దగ్గరకు వెళ్లకండి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. అమ్మేవాళ్లు అప్రమత్తమవుతారు, స్నేహితుడి కోసం అక్కడ ఆగిన ఏ తప్పూ చేయని పిల్లవాడి ముఖం ఊరంతా తిరుగుతుంది.