కాగితం గుజ్జు, గుప్పెడు మెంతులు

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. వేసవి సెలవుల్లో ఫోన్ ఇస్తే నాకు టెన్షన్, లాక్కుంటే వాళ్లకి ఏడుపు. ఇంట్లో పనికిరాని వస్తువులతో ఏదైనా చేయిద్దామని వీడియోలు చూసి ఐస్‌క్రీమ్ పుల్లలు, మెరుపుల పొడి, గ్లూ గన్ కొన్నాను. చేసినవన్నీ చెత్తబుట్టలోకే పోయాయి. ఏమీ కొనకుండా చేయించగలిగేది చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పాత సామాన్లతో బొమ్మలు చేయడానికి కొత్త సామాన్లు కొనడమేంటండీ! ఆ గ్లూ గన్ అటక మీద పెట్టేయండి, ఆరేళ్ల పిల్లాడి చేతికి అస్సలు ఇవ్వొద్దు, చుర్రున కాలుతుంది. పాత పేపర్లు, వంటింట్లో మెంతులు ఉన్నాయిగా, మన అమ్మమ్మలు చేసిన కాగితం గుజ్జు బుట్టకి అవి చాలు.

పేపర్లు చించే పని పిల్లలకే వదిలేయండి. చించమంటే ఏ పిల్లలు కాదంటారు? నున్నటి రంగుల పేజీలు మాత్రం వద్దు (మా పత్రికవి కూడా), అవి సరిగా నానవు. చించిన ముక్కల్ని బకెట్లో రెండు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చండి, లేకపోతే ఇల్లంతా కంపు. గుప్పెడు మెంతులు రాత్రి విడిగా నానబెడితే జిగురు వస్తుంది, అదే మీ బంక. కాగితంలో నీళ్లు పిండేసి, మెంతులతో కలిపి రుబ్బితే చపాతీ పిండిలాంటి ముద్ద అవుతుంది. మిక్సీ అయితే కాస్త నీళ్లు పోసి కొద్దికొద్దిగా తిప్పండి, ఒకేసారి కుక్కితే మోటారు పోతుంది.

ఇక గిన్నె బోర్లించి, పాత ప్లాస్టిక్ కవరు కప్పి, దాని మీద గుజ్జు తట్టడమే. ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా వస్తుంది, రానివ్వండి, మీరు వెనకనుంచి సర్దడం మొదలుపెడితే బాబు లేచి వెళ్లిపోతాడు. సగం ఆరాక గిన్నె తీసేసి లోపలివైపు కూడా ఎండబెట్టాలి, తడి మిగిలితే బూజు పడుతుంది.

కొందరు మెంతులకి బదులు మైదా ఉడికించి కలుపుతారు, దానికి బొద్దింకలు పడతాయి. అవి రాకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమనేవాళ్లూ ఉంటారు, అది విషం, పిల్లలు చేతులు పెట్టే గుజ్జులో వేయకండి. చింతగింజలుంటే వేయించి, పొట్టు తీసి, పొడి చేసి ఉడికించండి, గట్టి బంక అవుతుంది. కొండపల్లి బొమ్మలకి కాళ్లూ చేతులూ అతికే మక్కు కూడా చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేదే, పాపకి చెప్పండి.

బుట్టలో తినేవి మాత్రం వేయొద్దు, పేపరు సిరా మంచిది కాదు. న్యూస్‌పేపర్లో తినుబండారాలు కట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2023లో కూడా హెచ్చరించింది. పాప క్లిప్పులు, తాళాలు, రబ్బరు బ్యాండ్లు వేసుకోండి. రోజూ చేయి పెట్టే బుట్ట చెత్తలోకి పోదు.

ప్రశ్న: పెళ్లి శుభలేఖలు గుట్టగా పడున్నాయి. దేవుడి బొమ్మ ఉందని పారేయలేకపోతున్నాం, పిల్లలకి కత్తిరించమని ఇవ్వొచ్చా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: బొమ్మ ఉన్న భాగం ముందు మీరే తీసి పక్కన పెట్టండి, మీ అత్తగారితో గొడవ ఉండదు. మిగతా అట్టతో చదివింపుల కవర్లు చేయించండి. పాత కవరు ఒకటి అతుకులు విప్పి పరిచి, దాని చుట్టూ గీయమంటే చాలు. అట్ట మడతపడకపోతే, రాయని బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీస్తే తిన్నగా మడతపడుతుంది. పైన రూపాయి బిళ్ల అతికించే పని మాత్రం పిల్లలకి ఇవ్వకండి, లెక్క తేలదు.