పాతకాలం పిచర్లకు భుజం నొప్పులు లేవా?

"పాతకాలం బేస్‌బాల్ పిచర్లు రోజూ బంతులు వేసేవాళ్ళు కదా, ఇప్పటివాళ్ళకే ఎందుకిన్ని గాయాలు?" అని ఒకరు అడిగారు. నేను కాలేజీలో ఫాస్ట్ బౌలింగ్ చేసి భుజం పాడుచేసుకున్నవాణ్ణి. నొప్పి అంటే మా కోచ్ "మా రోజుల్లో ఇవన్నీ లేవు" అని ఇంకో స్పెల్ వేయించేవాడు. టీవీలో మాజీ ఆటగాళ్ళూ ఇదే మాట. వింటే ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం మీద ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌కు వచ్చాక, పాతకాలం పిచర్ ఓల్డ్ హాస్ రాడ్‌బర్న్ సమాధి ఈ ఊళ్ళోనే ఉందని తెలిసి ఆయన గురించి చదివాను. 1884లో ప్రావిడెన్స్ గ్రేస్ జట్టుకు ప్రధాన పిచర్లు ఇద్దరే. ఒకడు రాడ్‌బర్న్, రెండోవాడు చార్లీ స్వీనీ, 21 ఏళ్ళ కుర్రాడు. జూన్‌లో బోస్టన్ మీద ఒకే మ్యాచ్‌లో 19 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైకులతో ఔట్ చేయడం) చేశాడు. ఇద్దరికీ అసలు పడేది కాదు. జూలైలో యాజమాన్యం రాడ్‌బర్న్‌ను సస్పెండ్ చేసింది. ఆ వెంటనే స్వీనీ కూడా మ్యాచ్ మధ్యలో మేనేజర్ బాన్‌క్రాఫ్ట్‌తో గొడవపడి వెళ్ళిపోయాడు. జట్టునే ఎత్తేద్దామా అన్నంత దాకా వచ్చింది.

అప్పుడు రాడ్‌బర్న్ బేరం పెట్టాడు. మిగతా సీజనంతా నేనే వేస్తాను, జీతం పెంచండి, సీజన్ అయ్యాక నన్ను వదిలేయండి అన్నాడు. రిజర్వ్ క్లాజ్ ఉన్న రోజులవి, క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు ఇంకో జట్టుకు పోలేడు. అందరూ దీన్ని మొండితనం కథగా చెబుతారు. నాకైతే స్వేచ్ఛ కోసం చేతిని పణంగా పెట్టిన మనిషి కనిపిస్తాడు.

ఆ ఏడు 73 మ్యాచ్‌లు మొదటి బంతి నుంచి మొదలుపెట్టి, 73నూ చివరిదాకా తానే వేశాడు. 678 ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచ్‌కు తొమ్మిది), పిచర్‌గా ఆయన పేర రాసిన గెలుపులు 59 (కొన్ని పుస్తకాల్లో 60). ఆపైన సీజన్ అయ్యాక, ఇంకో లీగు విజేత న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌తో జరిగిన సిరీస్‌లో మూడు మ్యాచ్‌లూ గెలిచాడు. అప్పట్లో పిచర్‌కూ బ్యాటర్‌కూ దూరం 50 అడుగులే, ప్రతి బంతీ పూర్తి బలంతో వేయాల్సిన పని లేదు, నిజమే. కానీ రాడ్‌బర్న్‌కు పొద్దున్నే తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదని చెబుతారు. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ 30 గెలుపులు దాటలేదు.

గాయాలు అప్పుడూ ఉన్నాయి, లెక్క రాసేవాళ్ళే లేరు. స్వీనీనే చూడండి. 1884లో రెండు లీగుల్లో కలిపి 41 గెలిచాడు. 1887 తర్వాత పెద్ద లీగుల్లో ఎక్కడా కనబడడు. అప్పటికి వయసు 24.