నాన్న కౌన్సెలింగ్ మధ్యలో లేచి వెళ్లిపోయారా? ఈసారి మీరొక్కరే వెళ్లండి

ఒడిశాలో ఉంటున్న ఒక తెలుగు అబ్బాయి, రెండేళ్లుగా మాటల్లేని నాన్నని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తే ఆయన మధ్యలోనే లేచిపోయారని రాశారు. ఆయనకి నా జవాబు ఇది. తప్పు కౌన్సెలర్‌ది కాదు, నాన్నది కూడా కాదనిపిస్తోంది. రెండేళ్ల మౌనం తర్వాత మొదటి రోజే ఆయన్ని పక్కన కూర్చోబెట్టి పాత లెక్కలన్నీ విప్పేశారు, ఆయన లేచి రాయగడ బస్సెక్కేశారు. పరాయి మనిషి ముందు కొడుకు తప్పులెంచుతుంటే ఏ తండ్రి కూర్చుంటాడు?

1. ముందు మూడు నాలుగు సిటింగ్‌లు మీరొక్కరే వెళ్లండి. అందరూ వదిలేసేది ఇదే. నాన్నని మార్చడానికి కాదు, ఆయన "నీకేం తెలుసురా" అనగానే మీ గొంతు ఎందుకు లేస్తుందో చూసుకోవడానికి. "మీరెప్పుడూ ఇంతే" అనే మాట "మీరు పెళ్లికి రాకపోతే నాకు బాధేసింది" అయ్యేదాకా కౌన్సెలర్ దగ్గరే అని చూసుకోండి. నాకైతే నోరు తిరగడానికే నెల పట్టింది.

2. భాష. బజార్లో ఆయన ఒడియా గడగడా మాట్లాడతారు సరే, కోపమూ ఏడుపూ వచ్చేది తెలుగులోనే కదా. బరంపురంలో తెలుగు వచ్చినవాళ్ల కోసం వాకబు చేయండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ, తెలుగు ఎంచుకోవచ్చు.

3. తర్వాతే నాన్నని పిలవండి. "మీకు కౌన్సెలింగ్ కావాలి" అని కాదు, "నాకోసం ఒక్కసారి రండి" అని.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం కలిసి కూర్చోవద్దు, ముందు ఆ సంగతి కౌన్సెలర్‌కి చెప్పండి.