ఈ జవాబు ఎవరి కోసం?

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నీ నాటకాన్ని విమర్శించిన సమీక్షకుడికి పంపుదామని రాసుకున్న జవాబు కూడా చదివాను. పంపొద్దు. అందులో అబద్ధాలున్నాయని కాదు, చాలా చోట్ల నీ మాటే నిజం. కానీ అది ఎవరి కోసం రాశావో ఎంత చదివినా తెలియలేదు. సమీక్షకుడు అది చదివి మనసు మార్చుకుంటాడని నువ్వే అనుకోవడం లేదు. నాటకం చూసినవాళ్ళకి దాని అవసరం లేదు. చూడనివాళ్ళకి అందులో నీ కోపం తప్ప నాటకం కనబడదు.

నీకు జరిగినవి రెండు. ప్రదర్శన నడుస్తుండగా ఒకాయన లేచి ఇక ఆపమని అరిచాడు. తర్వాత కొన్నాళ్ళకి సమీక్ష వచ్చింది. నువ్వు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసి, లోకం నీ మీద పగబట్టిందన్నట్టు రాశావు. హాల్లో అరిచినవాడి విషయంలో అక్కడికక్కడే ఏదో ఒకటి చెయ్యక తప్పదు. డబ్బూ సమయమూ పెట్టి వచ్చి కూర్చున్న మిగతావాళ్ళు ఆ గంటన్నర సేపు నీ బాధ్యత. రాసినవాడి విషయంలో తొందరేమీ లేదు. అక్కడ గాయపడింది నువ్వు ఒక్కడివే, నువ్వు ఆగగలవు.

ముందు హాలు సంగతి మాట్లాడుకుందాం. నాటకానికి అడ్డు తగలడం నాటకం పుట్టిన రోజే మొదలైందని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయమే చెబుతుంది. ఇంద్రధ్వజ ఉత్సవంలో తొలి ప్రదర్శన. దేవతలు గెలవడం, దైత్యులు ఓడిపోవడం కథ. చూస్తున్న దైత్యులకి ఒళ్ళు మండింది. విరూపాక్షుడు (శివుడు కాదు, వాళ్ళ నాయకుడు) ముందు నిలబడగా, అడ్డంకులు కలిగించే విఘ్నులు కదిలి, నటుల మాటనీ కదలికనీ జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారు. వేదిక మీద ఒక్కసారైనా బిగుసుకుపోయిన నటుణ్ణి అడుగు, ఆ వర్ణన ఎంత కచ్చితమైనదో చెబుతాడు. ఇంద్రుడు ధ్వజం కర్ర తీసుకుని వాళ్ళని చితక్కొట్టాడు. మిగిలినవాళ్ళు మళ్ళీ వచ్చారు. అప్పుడు విశ్వకర్మ నాట్యగృహం కట్టాడు, ఒక్కో చోట ఒక్కో దేవత కాపలా నిలబడ్డాడు. ఇంత జరిగాక బ్రహ్మ ఆ విఘ్నులనే పిలిచి, ఎందుకిలా చెడగొడుతున్నారని అడిగాడు. దేవతలూ మేమూ అందరం నీ నుంచే పుట్టాం కదా, వాళ్ళు అడిగారని మమ్మల్ని అవమానించే నాటకం చేయిస్తావా అన్నాడు విరూపాక్షుడు. బ్రహ్మ ఆ మాట కొట్టిపారేయలేదు. నాట్యం మీ ఒక్కరిదీ దేవతల ఒక్కరిదీ కాదనీ, మూడు లోకాల భావాలూ అందులో ఉంటాయనీ ఓపిగ్గా వివరించాడు.

నాకు ఈ కథ ఎంతో ఇష్టం. అడ్డు తగిలినవాడి దగ్గర కూడా ఒక ఫిర్యాదు ఉండవచ్చని మనకి దొరికిన మొట్టమొదటి నాటకశాస్త్ర గ్రంథం ఒప్పుకుంది. అరిచిన పద్ధతి తప్పే. కానీ ఆ ఫిర్యాదేమిటో వినకుండా కర్ర తీస్తే విఘ్నులు మళ్ళీ వస్తారు.

వేదిక మీద ఉన్నప్పుడు ఇంత ఆలోచించే తీరిక ఉండదు, నిజమే. అందుకే ముందే అనుకుని ఉండాలి. మొదటి అరుపుని వదిలెయ్. కాకపోతే నీ మాట దాని కింద నలిగిపోకుండా చూసుకో. అర క్షణం ఆగి, అదే వాక్యాన్ని మొదటి నుంచి, చివరి వరుసకి వినపడేలా చెప్పు. రెండోసారి అరిస్తే పాత్రలోంచి బయటికి రాకుండానే అతని వైపు చూడు. చాలామంది ఆ చూపుకే కూర్చుంటారు. స్టాండప్ కామెడీ చేసేవాళ్ళు ఇంకో పని చేస్తారు. అతనన్న మాటని మైకులో మళ్ళీ చెబుతారు. దాంతో వెనకవాళ్ళకి ఏం జరిగిందో తెలుస్తుంది, హాలంతా మళ్ళీ ఒక్కటవుతుంది, జవాబు వెతుక్కోవడానికి కాస్త సమయమూ దొరుకుతుంది. మూడోసారి కూడా అరిస్తే అది ఇక నీ పని కాదు. లైట్లు ఎవరు వేయాలి, అతన్ని బయటికి ఎవరు తీసుకెళ్ళాలి అన్నది నిర్వాహకులతో ప్రదర్శనకి ముందే మాట్లాడుకో. ఆ రోజు వాళ్ళలో ఒక్కరూ కదల్లేదని రాశావు. ఆ తప్పు పూర్తిగా వాళ్ళదే, దాన్ని నువ్వు మొయ్యకు.

అవధానంలో అయితే అప్రస్తుత ప్రసంగికి ఒక కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. పద్యం అల్లుతున్నవాడి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని చమత్కారంగా బదులిస్తే సభ నవ్వుతుంది, చప్పట్లు కొడుతుంది. కానీ అసలు పరీక్ష చివర్లో, పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పే ధారణ దగ్గర. ఎంత గొప్ప జవాబు చెప్పినా, అక్కడ పద్యం ముక్కలైపోతే ఆ జవాబుకి విలువ లేదు. అరిచినవాణ్ణి నోరు మూయించావా అని నేను నిన్ను అడగను. ఆ తర్వాతి సన్నివేశం నిలబడిందా అని అడుగుతాను.

1913 మే 29న పారిస్‌లో, స్ట్రావిన్‌స్కీ సంగీతానికి నిజిన్‌స్కీ కూర్చిన నృత్యం మొదటిసారి ప్రదర్శించినప్పుడు హాలు గోలతో అదిరిపోయింది. నర్తకులకి వాద్యాలే వినపడలేదు. నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి, అడుగుల లెక్క గట్టిగా అరిచి చెబుతూ నిలబడ్డాడు. కింద పియర్ మోంటూ ఆపకుండా చివరిదాకా వాద్యబృందాన్ని నడిపించాడు. ఇద్దరిలో ఎవరూ ప్రేక్షకులతో వాదనకి దిగలేదు. వాళ్ళ ధ్యాసంతా ఆట పూర్తికావడం మీదే. 1966 మేలో మాంచెస్టర్‌లో, జానపద గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడని మండిపడ్డ ఒకడు, క్రీస్తుని పట్టిచ్చిన శిష్యుడి పేరుతో, యూదా అని అరిచాడు. నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువి అని రెండు ముక్కలన్నాడు డిలన్. వెంటనే తన బృందం వైపు తిరిగి గట్టిగా వాయించమన్నాడు. ఆ రెండో పనే నాకు ముఖ్యం.

ఇక ఎప్పటికీ చెయ్యకూడనిది ఒకటుంది. 2006 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక కామెడీ క్లబ్బులో అమెరికన్ హాస్యనటుడు మైకేల్ రిచర్డ్స్ తనకి అడ్డు తగిలిన నల్లజాతి ప్రేక్షకుల మీద జాతి దూషణకి దిగాడు. టీవీలో క్షమాపణ చెప్పినా ఆ మచ్చ పోలేదు. అడ్డు తగిలినవాడు చేసిన పని గురించి ఎంత పదునుగానైనా మాట్లాడు. అతని పుట్టుక, ఒళ్ళు, రంగు, ఆడామగా తేడా, వీటి జోలికి వెళ్ళిన క్షణం హాల్లో తప్పు చేసినవాడివి నువ్వవుతావు. పైగా నువ్వు కాపాడాల్సిన ప్రేక్షకుల్లోనే కొందరిని కొట్టినవాడివవుతావు.

ఇప్పుడు సమీక్ష. సమీక్షని నువ్వు పంపావు కాబట్టి అదీ చదివాను. మొదటి సగంలో ఆయన నీ గురించి రాశాడు, నీ వయసు, నీ తొందర, నీ ఆత్మవిశ్వాసం. అది అనవసరం, అందులో విమర్శ లేదు. చివర్లో నటి పేరు తప్పు రాశాడు. దానికి మాత్రం సంపాదకుడికి రెండు లైన్లు రాయి, సవరణ కోరు, ఆ అమ్మాయికి నువ్వు చెయ్యాల్సిన న్యాయం అది. మధ్యలో ఒకచోట, రెండో రంగంలో తల్లి పాత్ర మాట్లాడటం మానేసి రచయిత మాట్లాడటం మొదలుపెట్టాడని రాశాడు. నీ జవాబులో ఆ ఒక్క మాట గురించే పేజీన్నర ఉంది. అంతగా తగిలిందంటే, వెళ్ళి ఆ రంగాన్ని గట్టిగా చదువుకో. నేను చదివాను. ఆయన చెప్పింది నిజం.

కాన్‌లో 2003 చలనచిత్రోత్సవంలో దర్శకుడు విన్సెంట్ గాలో సినిమా చూసి అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్, ఆ ఉత్సవ చరిత్రలోనే ఇంత చెత్త సినిమా రాలేదన్నాడు. గాలో అతని లావుని ఎగతాళి చేశాడు, శాపనార్థాలు పెట్టాడు. ఎబర్ట్ దానికీ జవాబిచ్చాడు. పత్రికలకి పండగే పండగ. అయితే ఆ తర్వాత గాలో ఎడిటింగ్ గదికి వెళ్ళి 118 నిమిషాల సినిమాలో 26 నిమిషాలు తీసేశాడు. కొత్త కూర్పు చూసిన ఎబర్ట్ అది బాగుందని రాశాడు, ఎడిటింగ్ సినిమాని ఎలా మార్చిందో వివరించాడు కూడా. తిట్లకి లొంగని విమర్శకుడు కత్తెరకి లొంగాడు. జర్మన్ దర్శకుడు ఉవే బోల్ 2006లో తన విమర్శకులని ఏకంగా బాక్సింగ్ బరిలోకే పిలిచాడు. వాళ్ళని ఓడించాడు కూడా. సినిమాలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి.

అలాగని ఎవరు ఏది అంటే అది కత్తిరించమని కాదు. జాన్ రెన్వార్ 1939లో తీసిన ‘లా రెగ్ల్ దు జూ’ చూసి పారిస్ ప్రేక్షకులు గోల చేస్తే, ఆయన గోల ఎక్కువైన చోట్ల కోసుకుంటూ పోయాడు. అయినా ఎవరూ శాంతించలేదు. కొద్ది నెలల్లో ప్రభుత్వం సినిమానే నిషేధించింది. పోయిన ముక్కలు వెతికి, ఆయన అంగీకారంతో 1959లో మళ్ళీ అతికాకనే ప్రపంచం దాన్ని నెత్తిన పెట్టుకుంది. గాలో, రెన్వార్ ఇద్దరూ కత్తెర పట్టినవాళ్ళే. ఏ కత్తెర సరైనదో ముందే తెలిసే మార్గం నాకు దొరకలేదు. నేను పాటించేది ఒక్కటే: కోపం, భయం రెండూ తగ్గాక కూడా ఆ చోటు నాకే ఇబ్బందిగా అనిపిస్తే మారుస్తాను. జనం అరిచారన్న కారణం ఒక్కటే ఉంటే ముట్టుకోను.

జవాబు రాసి తీరాల్సిన సందర్భాలూ ఉంటాయి. టాగూర్ కథ ‘నష్టనీడ్’ని 1964లో ‘చారులత’గా తీసినప్పుడు, మూలానికి అన్యాయం చేశావన్న విమర్శకి సత్యజిత్ రే వివరంగా బదులు రాశాడు. కథలో ఏముంది, తెర మీదికి వచ్చేసరికి అది ఎందుకు మారాలి అన్నది సన్నివేశాలు పట్టుకుని చూపించాడు. ఆ వ్యాసంతో గొడవ సంగతి తెలియనివాళ్ళు కూడా నేర్చుకోవచ్చు, ఎందుకంటే అది చదివే అందరికీ పనికొచ్చేలా రాసింది. నీ జవాబులో అలాంటి వాక్యాలు ఎన్ని ఉన్నాయో గీతలు గీసి చూసుకో. ఉన్నవి దాచిపెట్టు.

నీ స్నేహితులు ఆ సమీక్షకుడికి ఫోన్లు చేసి తిడుతున్నారని రాశావు. ఆ వాక్యంలో కాస్త సంతోషం కనిపించింది, అది నాకు నచ్చలేదు. ఈ రోజే వాళ్ళని ఆపు. 1950లో గాయని మార్గరెట్ ట్రూమన్ పాట బాగాలేదని విమర్శకుడు పాల్ హ్యూమ్ రాస్తే, ఆమె తండ్రి, అప్పటి అమెరికా అధ్యక్షుడు, కనబడితే ముక్కు పగలగొడతానన్న ధోరణిలో ఉత్తరం రాశాడు. ఆమె మాత్రం హ్యూమ్ మంచి విమర్శకుడని, తోచింది రాసే హక్కు ఆయనకుందని చెప్పింది. ఆ ఇంట్లో కళాకారిణిలా ప్రవర్తించింది ఆమె ఒక్కతే. మన తరఫున మాట్లాడేవాళ్ళు ఎలా ఉండాలో చూడాలంటే 1960 కాన్ చూడు. ఇటలీ దర్శకుడు ఆంటోనియోని సినిమా ‘లావెంచురా’ ప్రదర్శనలో ప్రేక్షకులు ఈలలు వేసి ఎగతాళి చేశారు. మర్నాడు ఎందరో దర్శకులూ విమర్శకులూ ఆ సినిమాని మెచ్చుకుంటూ సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. చివరికి దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. వాళ్ళు ఎవరికీ ఫోన్లు చేసి బెదిరించలేదు.

ఇక బెదిరింపులు, ఇంటి చిరునామా బయటపెట్టడం లాంటివి ఎవరు ఎవరికి చేసినా అది విమర్శ కిందికి రాదు. అలాంటిది నీ దాకా వస్తే ఆధారాలు దాచుకుని పోలీసులకి చెప్పు, అంతే.

ఎప్పటికైనా నన్ను అర్థం చేసుకునేవాడు పుడతాడు, కాలానికి అంతు లేదు, భూమి విశాలం అన్న భవభూతి శ్లోకం నీ ఉత్తరం చివర్లో రాశావు. గొప్ప శ్లోకం. తనని చిన్నచూపు చూసేవాళ్ళకి ఆయనిచ్చిన జవాబు మొత్తం అంతే, నాలుగు పాదాలు. అది మాలతీమాధవం ప్రస్తావనలో ఉంది. దాని వెనక పది అంకాల నాటకం ఉంది. మన కావ్యకర్తలు కూడా కుకవినింద, అంటే చెడ్డ కవుల్ని తిట్టడం, అవతారికలోనే ముగించి కథలోకి వెళ్ళిపోయారు. ఆ శ్లోకం నువ్వు కూడా వాడుకో, కాకపోతే వెనక పది అంకాలు ఉండాలి.

ఇదంతా ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నానంటే, నీ కోపం కన్నా ఉత్తరం మధ్యలో చిన్న అక్షరాలతో రాసిన ఒక మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇక నాటకాలు రాయనేమో అన్నావు. చార్లెస్ లాటన్ 1955లో ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ తీశాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆయన మళ్ళీ సినిమాకి దర్శకత్వం వహించలేదు, 1962లో పోయాడు. గురుదత్ 1959లో ‘కాగజ్ కే ఫూల్’ దెబ్బతిన్నాక ఇంకే సినిమాకీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు, 1964లో పోయాడు. ఈ రెండు సినిమాలనీ ఇప్పుడు ఎంత ప్రేమగా చూస్తున్నారో నీకు తెలుసు. వాళ్ళు ఆ తర్వాత తీయగలిగీ తీయని సినిమాలు తలుచుకుంటే మాత్రం నాకు బాధేస్తుంది. కటువుగా రాసేవాళ్ళకి కూడా ఇది ఎవరైనా చెప్పాలి. వాళ్ళకి నేను వేరే రాస్తాను. నీకు చెప్పగలిగేది ఇంతే: తర్వాతి నాటకాన్ని ఇకనుంచి ప్రస్తుత నాటకం తెర లేవకముందే మొదలుపెట్టు. సమీక్షలు వచ్చే రోజుకి సగం రాసిన రంగం ఒకటి బల్ల మీద ఉండాలి. మర్నాడు పొద్దున కూర్చోవడానికి నీకో చోటు ఉంటుంది.

మళ్ళీ ప్రదర్శన వచ్చే నెలలో అన్నావు. రెండో రంగం తిరగరాసి ఈలోగా పంపు, ముఖ్యంగా తల్లి మాటలు. వచ్చిన రోజే చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య